తీరం చేరని యాత్రికులకు స్మృత్యంజలి

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు నేను పలనాటి యుద్ధం గురించే రాస్తానని మిత్రులు అనుకున్నారు. బ్రహ్మనాయుడి కథ, నాగమ్మ కథ మనలో చాలామంది నాకంటె బాగా చెప్పగలరు. అందుచేత ఈసారి వేరే విషయం ఎన్నుకున్నాను. మనలాగే ఉద్యోగాలు ముగించుకొని, నాలుగు చోట్లు చూసి వద్దామని తోటివారితో బయలుదేరి, నదిలో మునిగి ఇల్లు చేరనివారిని ఈ పేజీలలో ఒకసారి తలచుకోవాలని నా కోరిక.

పడవ ప్రయాణం మన ప్రాంతానికి కొత్త కాదు. పలనాడుకు ఉత్తరపు హద్దు కృష్ణ. వంతెనలు లేని రోజులలో ఆవలి నల్లగొండ జిల్లాకు పోవాలంటే పుట్టో, పడవో ఎక్కవలసిందే. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. లోయ మునిగి నాగార్జునకొండ ద్వీపమైంది. మ్యూజియం చూడాలంటే విజయపురి సౌత్ నుంచి లాంచీ ఎక్కాలి. పిల్లలను విహారయాత్రకు తీసుకుపోయిన ఉపాధ్యాయులకు, కార్తీకమాసంలో బంధువులతో వెళ్లినవారికి ఆ ప్రయాణం బాగా గుర్తుండే ఉంటుంది.

నాకు గుర్తున్నది మరొకటి. కొన్నేళ్ల క్రితం మిత్రులతో కలిసి వేరొకచోట పడవ ఎక్కాను. లైఫ్ జాకెట్ ఇస్తే మా మిత్రుడొకరు, "ఇస్త్రీ చొక్కా నలుగుతుందండీ" అని దానిని మడిచి కూర్చునే బల్లపై వేసుకున్నారు. అందరం నవ్వాం. నేనూ నా జాకెట్ విప్పి ఒళ్లో పెట్టుకున్నాను. ఆ రోజు ఏమీ కాలేదు కనుక అది వేడుకగా మిగిలింది. ఏమీ కాకపోవడం మా అదృష్టమేనని తరువాత జరిగిన రెండు ప్రమాదాల వల్ల తెలిసింది.

మొదటిది మన కృష్ణలోనే జరిగింది. 2017 నవంబరు 12, కార్తీకమాసంలో చివరి ఆదివారం. ఒంగోలు నుంచి ఉదయపు నడకకు వెళ్లే సంఘం సభ్యులు కుటుంబాలతో యాత్రకు వచ్చారు. నేడు మన పల్నాడు జిల్లాలో ఉన్న అమరావతిలో అమరేశ్వరుని దర్శించుకున్నారు. తరువాత విజయవాడ భవానీద్వీపం చూశారు. పట్టిసీమ నుంచి వచ్చే గోదావరి నీరు కృష్ణలో కలిసే ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర సాయంత్రం హారతి చూడాలని కొందరు ఒక ప్రైవేటు పడవ ఎక్కారు. నెల్లూరువారు కూడా వారిలో ఉన్నారు. ఆ పడవకు అనుమతి లేదు. జాకెట్లు లేవు. గమ్యం దగ్గరపడిన సమయంలో పడవ బోల్తాపడి 22 మంది మరణించారు. అందుబాటులో ఉన్న మత్స్యకారులు దూకి కొందరిని బయటకు లాగారు.

రెండవది గోదావరిలో. 2019 సెప్టెంబరు 15 కూడా ఆదివారమే. దేవీపట్నం మండలంలోని గండిపోచమ్మ గుడి దగ్గర నుంచి 'రాయల్ వశిష్ఠ' అనే పడవ పాపికొండలకు బయలుదేరింది. అప్పటికి నదిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద పారుతున్నది. కచ్చులూరు దగ్గర కొండల మధ్య నది ఇరుకై, లోతై, సుడులు తిరుగుతుంది. ఆ చోటును అక్కడివారు 'మందం' అంటారు. 1964లో 'ఉదయభాస్కర్' లాంచీ మునిగి 60 మంది దాకా పోయినది కూడా అక్కడే. మధ్యాహ్న భోజనాల వేళకు పడవ ఆ సుడిలో పడి ఒరిగిపోయింది. ఉక్కపోత వల్ల, భోజనాల వల్ల కొందరు అప్పటికే జాకెట్లు విప్పేశారని బతికినవారు చెప్పారు. పడవలో ఉన్న 77 మందిలో 26 మంది బయటపడ్డారు. 46 మృతదేహాలు దొరికాయి. ఐదుగురి ఆచూకీ దొరకలేదు.

ఆ పడవలో వరంగల్లు దగ్గర కడిపికొండ గ్రామంవారు 14 మంది ఉన్నారు. వారిలో రైల్వేలో పనిచేసి పదవీ విరమణ చేసినవారున్నారు. తలా కొంత డబ్బు వేసుకొని, ఒకే ఊరివారు కలిసి వచ్చారు. ఐదుగురే తిరిగి వెళ్లారు. ఆ వార్త చదివినప్పుడు నాకు మా మిత్రబృందమే కళ్లముందు కదిలింది.

ఆ 26 మంది బతకడానికి ప్రధాన కారణం ఒడ్డున ఉన్న గిరిజనులు. కేకలు వినగానే తమ చిన్న నాటుపడవలతో ఆ వరదలోకే వెళ్లి అందినవారిని అందినట్లు ఎక్కించుకున్నారు. మునిగిన పడవను కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం 38వ రోజున, అక్టోబరు 22న, తాళ్లు, లంగర్లు వేసి పైకి తెచ్చింది. అందులోనూ కొన్ని దేహాలు దొరికాయి. అన్నాళ్లు గట్టున ఎదురుచూసిన కుటుంబాలకు అదే చివరి చూపు.

దేహం దొరకని కుటుంబాలకు దుఃఖంతో పాటు కాగితాల కష్టం కూడా ఉంటుంది. సాధారణంగా ఏడేళ్లు కబురు తెలియకపోతేనే మనిషి మరణించినట్లు చట్టం భావిస్తుంది. అయితే కేంద్ర ప్రభుత్వ పింఛనుదారు ఎవరైనా కనిపించకుండా పోతే, పోలీసు కేసు నమోదై, ఆచూకీ లేదన్న నివేదిక ఉంటే, ఆరు నెలల తరువాత కుటుంబ పింఛను కోరవచ్చు. మన ఇంటి ఆడవారికి ఈ సంగతి తెలిసి ఉండడం మంచిది.

ఇలాంటి దుర్ఘటనలు మన దేశానికే పరిమితం కావు. 1904 జూన్ 15న న్యూయార్కులో ఒక చర్చి సభ్యులు, ఎక్కువగా తల్లులు, పిల్లలు, 'జనరల్ స్లోకమ్' అనే స్టీమరులో విహారానికి వెళ్లారు. నదిలో ఉండగా స్టీమరుకు నిప్పంటుకొని వెయ్యిమందికి పైగా మరణించారు. జాకెట్లు ఉన్నాయి గాని ఏళ్ల తరబడి పట్టించుకోక అవి కుళ్లిపోయాయి. అక్కడ వారి జ్ఞాపకంగా 1906లో ఒక పార్కులో రాతి ఫౌంటెను కట్టారు. స్టీమరుల తనిఖీ పద్ధతులు కూడా మారాయి.

మన దగ్గర కూడా కచ్చులూరు తరువాత 2020లో పడవల రాకపోకలపై నిఘాకు తొమ్మిదిచోట్ల కంట్రోల్ రూములు తలపెట్టారు. వాటిలో మన నాగార్జునసాగర్ ఒకటి. ప్రభుత్వం చేయవలసినది ప్రభుత్వం చేయాలి. కాని రేవులో నిలబడి ఎక్కాలో మానాలో నిర్ణయించుకునేది మనమే. "టిక్కెట్టు కొన్నాం గదా", "అందరూ ఎక్కారు గదా", "వద్దంటే ఏమనుకుంటారో" అన్న మొహమాటాలు మన తరంవారికి కొంచెం ఎక్కువ. నేనూ అలాగే ఉన్నాను కనుక చెబుతున్నాను.

సంఘ సభ్యులకు నాదొక మనవి. ఈ కార్తీక వనభోజనాలలో విస్తళ్ల ముందు కూర్చునే ముందు ఫెర్రీ, కచ్చులూరు మృతులకోసం రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం. సాగర్ లాంచీ ఎక్కేవారు జాకెట్టు తొడుక్కొని, ముళ్లు బిగించుకొని, దిగేదాకా విప్పకుండా ఉందాం. వరద ఉన్నా, జనం ఎక్కువైనా, ఎవరో ఒకరు "ఈ రోజు వద్దు" అంటే వారిని పిరికివారని నవ్వకుండా అందరం వెనక్కు వద్దాం. ఈసారి మా మిత్రుడికి జాకెట్టు నేనే తొడుగుతాను. చొక్కా నలిగితే ఇస్త్రీ ఖర్చు నాది.

పోయినవారి ఆత్మలకు శాంతి కలగాలని, వారి కుటుంబాలకు భగవంతుడు ధైర్యమివ్వాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.