చిన్న సంస్థల్లో డిజిటల్ సేకరణల నిర్వహణ

పాత పుస్తకాలు, తాళపత్రాలు, పత్రికలు, ఛాయాచిత్రాలను స్కాన్ చేయించుకొన్న గ్రంథాలయాలు, పరిశోధన కేంద్రాలు, స్థానిక మ్యూజియంలు ఆ డిజిటల్ ప్రతులకు వివరాలు చేర్చి, చెడిపోకుండా భద్రపరచి, పాఠకులకు అందుబాటులో ఉంచే పనిని డిజిటల్ సేకరణల నిర్వహణ అంటారు. స్కానింగు ఒకసారితో ముగిసే పని కాగా, నిర్వహణ సంస్థ ఉన్నంతకాలం సాగవలసిన బాధ్యత.

శిథిలమవుతున్న తాళపత్రాలకు నకళ్లు ఎత్తడం ప్రాచీన సంప్రదాయం. 19వ శతాబ్దంలో సి. పి. బ్రౌన్ పండితులను, లేఖకులను నియమించి తెలుగు కావ్యాలకు శుద్ధప్రతులు తయారు చేయించాడు. 20వ శతాబ్దంలో ఆ పనికి మైక్రోఫిల్మ్ సాధనమైంది. తమిళనాడులోని కొట్టైయూరులో రోజా ముత్తయ్య చెట్టియారు కూడబెట్టిన అపురూపమైన పుస్తకాలను ఆయన మరణానంతరం షికాగో విశ్వవిద్యాలయం కొనుగోలు చేసి చెన్నైలో ఉంచగా, 1994లో ఏర్పడిన ఆ పరిశోధన గ్రంథాలయం పట్టిక తయారీ, సంరక్షణ, మైక్రోఫిల్మింగు పనులను కలిపి నడిపింది.

డిజిటల్ రూపం దానంతటదే శాశ్వతం కాదన్న సంగతి బ్రిటన్‌లో స్పష్టమైంది. 1086 నాటి ఇంగ్లండు భూసర్వే అయిన డూమ్స్‌డే గ్రంథానికి 900 ఏళ్లు నిండిన సందర్భంగా బీబీసీ 1986లో లేజర్ డిస్కుల మీద వెలువరించిన సమాచారాన్ని చదివే యంత్రాలు పదిహేనేళ్లకే అరుదైపోయాయి. ఇక వివరాల నమోదు విషయానికి వస్తే, 1995లో రూపుదిద్దుకోవడం మొదలైన డబ్లిన్ కోర్ ప్రమాణం శీర్షిక, కర్త, తేదీ, హక్కులు వంటి వివరాలను, అంటే మెటాడేటాను, ఒకే పద్ధతిలో నమోదు చేసే వీలు కల్పించింది. న్యూజిలాండ్‌లోని వైకాటో విశ్వవిద్యాలయంలో పుట్టిన గ్రీన్‌స్టోన్, 2002 నాటి డీస్పేస్, 2008 నాటి ఒమేకా అనే సేకరణల నిర్వహణ సాఫ్ట్‌వేర్లు ఉచితం కావడంతో చిన్న సంస్థలకూ అందివచ్చాయి.

తెలుగు పుస్తకాలకు సంబంధించి ప్రధాన ఘట్టం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకొన్న రాజ్ రెడ్డి ప్రేరణతో, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఎన్. బాలకృష్ణన్ సారథ్యంలో, 2000 దశకం తొలి ఏళ్లలో మొదలైన ఈ మహత్తర కృషిలో హైదరాబాదు ట్రిపుల్ ఐటీ, తిరుమల తిరుపతి దేవస్థానం పాలుపంచుకొన్నాయి. వేలాది తెలుగు పుస్తకాలు అంతర్జాలంలోకి వచ్చినా, యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, శీర్షికలను రోమన్ లిపిలో తలా ఒక తీరుగా నమోదు చేయడం వల్ల ఒకే గ్రంథం రెండు మూడు పేర్లతో కనిపించేది. తెలుగులో వెతికినవారికి దొరికేది కాదు. తెలుగు వికీపీడియా సభ్యులు ఎంతో ఓపికతో ఆ జాబితాను తెలుగు లిపిలోకి మార్చి ఈ లోటును చాలావరకు తీర్చారు. తరువాత మూల వెబ్‌సైటు నిలిచిపోగా, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చేరిన నకళ్లే పాఠకులకు ఆధారమయ్యాయి.

నేటి పద్ధతిలో ప్రతి పుటకూ నాణ్యత తగ్గని టిఫ్ ఫైలును మూలప్రతిగా దాచి, చదువరులకు చిన్న పీడీఎఫ్ ఇస్తారు. ఫైలులో ఒక్క బిట్ మారినా పట్టిచ్చే చెక్‌సమ్ అనే సంకేతాన్ని నమోదు చేసి, ఎప్పటికప్పుడు సరిచూస్తారు. నకళ్లలో ఒకటైనా వేరే ఊళ్లో ఉంచుతారు. భారతదేశంలో రచయిత మరణించాక 60 ఏళ్ల వరకు కాపీహక్కు ఉంటుంది కనుక, హక్కుల వివరం నమోదు కాని పుస్తకాన్ని బహిరంగంగా పెట్టడం కష్టం. స్కానింగుకు ఒకసారి వచ్చే విరాళంతో పాటు హార్డ్‌డిస్కుల మార్పిడికి, సిబ్బందికి ఏటా కొంత సొమ్ము కేటాయించుకొన్న సంస్థల సేకరణలే నిలకడగా పాఠకులకు ఉపయోగపడతాయి.