ఒళ్లు ఒరిగింది, విమానం ఒరిగిందా?

మా వీధి చివర టీవీ గేములు అద్దెకాడించే గది ఒకటి ఉండేది. ఇనప స్టూలు మీద చిన్న టీవీ, దాని కింద తెల్ల డబ్బా, ఒకే క్యాసెట్టులో వందల ఆటలు. వందలన్నది అట్ట మీద మాటే. తిప్పితిప్పి చూస్తే ముప్పైకి మించేవి కావు. వాటిలో 'స్కై డెస్ట్రాయర్' ఒకటి. జపాన్ కంపెనీ టైటో 1985లో చేసిన ఆట. ముందు సముద్రం, ఎదురొచ్చే విమానాలు, వాటిని కాల్చుకుంటూ పోవాలి. ఎడమకు తిరగాలంటే బొటనవేలితో ఎడమ మీట నొక్కితే చాలు. మాలో ఎవడూ వేలితో ఊరుకునేవాడు కాదు. మెడ వంగేది, భుజం వంగేది, చేతిలోది సైకిలు హ్యాండిల్లా తిరిగేది, చివరికి పక్కవాడి ఒళ్లో వాలిపోయేవాళ్లం. "వైరు తెగుద్ది రా!" అని ఓనరు అరిచేవాడు. మా వంగుళ్లేవీ ఆ డబ్బాకు పట్టేవి కావు. మీట నొక్కారా లేదా, దానికి అంతే తెలుసు.

యుద్ధవిమానాల ఆటల చరిత్రను ఈ ఒరుగుడు వైపు నుంచి చూడాలని నాకెప్పటినుంచో కోరిక. బొమ్మలు ఎంత బాగున్నాయి, క్షిపణులు ఎన్ని అన్న లెక్కలు చాలామంది రాశారు. ఒంటి సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నిజానికి ఈ కథ కంప్యూటర్లు పుట్టకముందే మొదలైంది. అదీ ఒక సంగీత వాయిద్యాల కార్ఖానాలో.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం బింగ్‌హామ్టన్ ఊళ్లో ఎడ్విన్ లింక్ తండ్రికి ఆర్గాన్లు, తమంతట తాము వాయించుకునే పియానోలు చేసే కార్ఖానా ఉండేది. లింక్‌కు విమానం పిచ్చి. గాల్లో నేర్చుకోవడం ఖరీదు వ్యవహారం. దాంతో ఆర్గాన్లో గాలి నింపే తిత్తులే తెచ్చి, వాటి మీద పొట్టి రెక్కల చెక్క విమానం నిలబెట్టాడు. కర్ర లాగితే ఒక తిత్తి ఉబ్బుతుంది, ఇంకోటి అణుగుతుంది, మొత్తం డబ్బా ఒరుగుతుంది. 1929 నాటికి అది సిద్ధం. విమానయానం వాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. తొలి యంత్రాల్లో కొన్ని వినోదాల పార్కులకు పోయాయి. అంటే విమాన శిక్షణ యంత్రం తొలి కొలువు తిరునాళ్లలో రంగులరాట్నం పక్కనే.

దాని రాత మార్చింది 1934. అమెరికాలో టపా మోసే పని ఆ ఫిబ్రవరిలో సైన్యం విమానాలకు అప్పగించారు. చలికాలం, మబ్బు, మంచు. కొద్ది వారాల్లో డజను మంది దాకా పైలట్లు చనిపోయారు. మబ్బులో దూరిన పైలట్‌కు శత్రువు వాడి చెవే. విమానం మెల్లగా ఒక పక్కకు ఒరుగుతుంటే లోచెవిలోని ద్రవం ఆ కదలికకు అలవాటుపడి ఊరుకుంటుంది. ఒళ్లు "నిటారుగానే ఉన్నాం" అంటుంది, గడియారాల్లాంటి పరికరాలు "ఒరిగిపోయాం" అంటాయి. ఒంటిని నమ్మినవాడు నేలకు గుద్దుకుంటాడు. ఆ రోజుల్లోనే లింక్ ఒక చెడ్డ వాతావరణంలో తన విమానాన్ని పరికరాలు చూసుకుంటూ నడిపి నెవార్క్‌లో సైన్యాధికారుల ముందు దింపాడు. వాళ్లు 6 యంత్రాలు కొన్నారు. రెండో ప్రపంచయుద్ధం ముగిసేసరికి ఆ నీలం డబ్బాలు పదివేలు దాటాయి. పైకప్పు మూసి, లోపల చీకటి చేసి, కుర్రవాళ్లకు వాటిలో నేర్పింది ఒక్కటే: నీ ఒళ్లు చెప్పేది నమ్మకు, ముల్లు చెప్పేది నమ్ము.

ఆటలవాళ్లు వచ్చి ఈ పాఠాన్ని తిరగేశారు.

1970లు, 80ల తొలి నాళ్లలో పెద్దగా చెప్పుకోవలసిందేం లేదు. అటారీ 'రెడ్ బేరన్' గీతలతో విమానాలు గీసింది. ఇళ్లలో వేలి ఆటలే. అసలు మలుపు 1985లో సేగా కంపెనీలో యు సుజుకి అనే యువకుడి చేతుల మీదుగా వచ్చింది. ఆ ఏడాది ఆయన రెండు ఆటలు చేశాడు. మొదటిది 'హ్యాంగ్ ఆన్'. నిజమైన మోటారుసైకిలంత బొమ్మ బండెక్కి ఒళ్లంతా ఒరిగిస్తేనే తెర మీది బండి ఒరుగుతుంది. రెండోది 'స్పేస్ హ్యారియర్'. ఇందులో కర్ర తిప్పితే మోటార్లు కుర్చీనే ఊపుతాయి. ఒకదానిలో మనిషి యంత్రాన్ని కదిలిస్తాడు, ఇంకోదానిలో యంత్రం మనిషిని కదిలిస్తుంది. తర్వాతి నలభై ఏళ్ల కథంతా ఈ రెండు దారులే. రెండూ ఒకే ఏడాది, ఒకే చేతి నుంచి రావడం నాకు ఇప్పటికీ వింతే. అన్నట్టు 'స్పేస్ హ్యారియర్' మొదట హ్యారియర్ యుద్ధవిమానం ఆటగా అనుకున్నదే. విమానాన్ని అన్ని కోణాల్లో చూపడానికి అప్పటి మెమరీ చాలక ఎగిరే మనిషిని పెట్టారు. పేరు మాత్రం మిగిలింది. జపాన్‌లో ఇలాంటివాటిని 'తాయికాన్' ఆటలన్నారు, ఒంటికి తెలిసేవి అని.

రెండేళ్లకు, 1987లో, సుజుకి విమానం బాకీ తీర్చుకున్నాడు. 'ఆఫ్టర్ బర్నర్'. ముందటేడు వచ్చిన 'టాప్ గన్' సినిమా ఊపు, ఎఫ్-14 విమానం, గుక్క తిప్పుకోనివ్వని వేగం. దాని పెద్ద కేబినెట్ అసలు కాక్‌పిట్ ఆకారంలో ఉంటుంది. బెల్టు పెట్టుకుని కూర్చుంటే కుర్చీ పక్కలకు ఒరుగుతుంది, మొత్తం గూడు ముందుకీ వెనక్కీ వంగుతుంది. విమానవాహక నౌక మీంచి లేచే ఘట్టంలో కిటుకు చూడండి. కుర్చీ ముందుకు దూకదు, దూకడానికి చోటు లేదు. వెనక్కి వాలుతుంది, అంతే. వీపు కుర్చీకి అతుక్కుంటుంది, కళ్లెదుట తెర దూసుకుపోతుంది, 'దూకాం' అని మెదడు ఒప్పేసుకుంటుంది. వెనక్కి వాలడానికీ ముందుకు దూసుకుపోవడానికీ తేడా మన చెవికి తెలియదు. మబ్బులో పైలట్లను చంపిన చెవే, ఇంకో బలహీనతతో, ఆటల దుకాణంలో చిల్లర రాల్చింది.

ఈ దారికి కొస 1990లో వచ్చిన ఆర్-360. సేగాదే. రెండు వలయాల మధ్య గోళంలాంటి గూడు, అందులో ఆటగాడు. విమానం తలకిందులైతే ఆటగాడూ తలకిందులే, పల్టీ కొడితే పల్టీనే. జేబుల్లో చిల్లర, తాళాలు తీసి పెట్టాలి, కట్లు గట్టిగా బిగించాలి, పక్కన మనిషి కాపలా ఉండాలి. అందులో ఆడించిన ఆట పేరు 'జి-లాక్'. మలుపుల ఒత్తిడికి తలలో రక్తం కిందికి దిగి పైలట్ స్పృహ తప్పడానికి వాడే మాట అది. ఆటకు ఆ పేరు పెట్టినవాళ్ల గుండె ధైర్యానికి దండం. అంత యంత్రాన్ని కొనగలిగిన దుకాణాలు తక్కువ, నిలబెట్టుకోగలిగినవి ఇంకా తక్కువ. ఆ వైపు దారి దాదాపు అక్కడే ఆగింది. 2006లో సేగా 'ఆఫ్టర్ బర్నర్ క్లైమాక్స్' అంటూ కదిలే కుర్చీని మళ్లీ తెచ్చింది. 2010లో ఇంటి యంత్రాలకూ వచ్చింది, కుర్చీ లేకుండా. నేను ఆడాను. బాగుంది. కానీ ఊపు తీసేసిన ఊయలలా ఉంది.

ఇక రెండో దారి. మనిషి ఒరిగితే యంత్రం గ్రహించడం. ఇది చాలాకాలం నవ్వులాటగానే నడిచింది. 1981లో డేటాసాఫ్ట్ 'లె స్టిక్' అని ఒక కర్ర అమ్మింది. కింద పీట లేదు, గాల్లో పట్టుకుని వంచాలి, లోపల పాదరసం జారి తీగలను కలుపుతుంది. 1989లో మాటెల్ 'పవర్ గ్లవ్' వచ్చింది. సినిమాలో చూసి ముచ్చటపడి కొన్న పిల్లలు వారంలో అటక మీద పెట్టారు. 1998లో మైక్రోసాఫ్ట్ 'ఫ్రీస్టైల్ ప్రో' పీసీ ఆటలకు ఒరుగుడును నిజంగా పట్టుకోగలిగింది. ఎవరూ పెద్దగా అడగలేదు.

వీటన్నిటినీ దాటించింది ఆటలకు సంబంధం లేని చోట పుట్టిన చిప్పు. కారు గుద్దుకోగానే గాలిసంచీ తెరుచుకోవాలంటే వేగం ఎంత హఠాత్తుగా తగ్గిందో ఎవరో కొలవాలి. 1990ల మొదట్లో అనలాగ్ డివైసెస్ కంపెనీ సిలికాన్ ముక్కలోనే దువ్వెన పళ్లలాంటి సన్న నిర్మాణం చెక్కింది. కదిలితే పళ్ల మధ్య సందు మారుతుంది, దాంతో విద్యుత్ లెక్క మారుతుంది. కార్ల మూలంగా అది చవకైంది. 2006లో నింటెండో 'వీ' ఆటయంత్రం రిమోటులోకి వచ్చి కూర్చున్నది ఆ కుటుంబపు చిప్పే. అది ఖాయంగా కొలవగలిగింది 3 జీల దాకా, అంటే భూమి ఆకర్షణకు మూడింతలు. ఎఫ్-16 పైలట్ 9 జీలు భరిస్తాడు. మన హాల్లో సోఫా మీద 3 జీలు ఎక్కువే లెండి.

ఆ ఏడాదే సోనీ ప్లేస్టేషన్ 3 చేతి ప్యాడ్ సిక్సాక్సిస్‌ను జనానికి చూపించింది. దాని ఘనత చూపడానికి ఎంచుకున్న ఆట 'వార్‌హాక్', విమానాలదే. వేదిక మీద రెండు చేతులా పట్టుకుని ఒరిగిస్తే తెర మీద విమానం ఒరిగింది. నేను ఆ వీడియో చూసి లేచి నిలబడ్డాను. మా వీధి గదిలో వంగిన వంగుళ్లన్నిటికీ లెక్క దొరికిందనిపించింది. మరుసటేడు ఆట వచ్చేసరికి ఒరుగుడు అక్కర్లేనివాళ్లు ప్యాడ్ మీది పుల్లతోనే ఆడుకోవచ్చన్నారు. అదే ఏడాది ఫ్యాక్టర్ 5 వాళ్ల 'లెయిర్'లో డ్రాగన్ మీద ఎగరాలి. అందులో ఒరిగించి తీరాలి, వేరే దారే లేదు. విమర్శకులు చీల్చి చెండాడారు. 2008లో పుల్లతో ఆడే వీలు కల్పించారు.

వీలో 2007లో వచ్చిన 'హీట్‌సీకర్' నాకు ఇష్టమైన చెడ్డ ఆట. మెల్‌బోర్న్ జట్టు చేసింది. అచ్చమైన ఆర్కేడ్ వ్యవహారం, క్షిపణి వెంట కెమెరా వెళ్లి పేలేదాకా చూపిస్తుంది. రిమోటుతో జెట్‌ను నడపాలి. మొదటి పది నిమిషాలు పండగ. తర్వాత మణికట్టు లాగడం మొదలు. అప్పుడు తెలిసింది తిరకాసు. నేను రిమోటును కాగితం రాకెట్టులా పట్టుకున్నాను. రాకెట్టుకు ముక్కు పైకెత్తితే పైకెళ్తుంది. మా బావమరిది దాన్ని విమానం కర్రలా పట్టుకున్నాడు. కర్రను తనవైపు లాగితే పైకెళ్తుంది. చేసేది ఒకే మణికట్టు వంపు, ఊహలు మాత్రం రెండు. కంగారులో ఊహ మారిపోయేది, జెట్ కొండకు తగిలేది.

ఇంకో చిక్కు గాల్లో చెయ్యికి ఎదురు ఉండకపోవడం. ఎంత వంచామో, నడిమి ఎక్కడో తెలియదు. మామూలు పుల్లకు స్ప్రింగు ఉంటుంది, వదిలితే నడిమికి వస్తుంది. ఎఫ్-16 తొలినాళ్ల కథ దీనికి సరిగ్గా తిరగేసినట్టు ఉంటుంది. అందులో పక్కనుండే కర్ర మొదట అసలు కదిలేదే కాదు, ఎంత బలంగా నొక్కారో మాత్రమే కొలిచేది. పైలట్లకు నచ్చలేదు. ఎంత నొక్కాలో తెలియక అతిగా నొక్కేవారు. చివరికి రవ్వంత కదలిక కలిపారు. కదలిక లేని ఎదురు ఒక చోట, ఎదురు లేని కదలిక ఇంకో చోట. ఏదో ఒకటి ఉంటే సరిపోదని చెయ్యి చెబుతుంది. ఈ సంగతి పట్టుకున్నది 'ఏస్ కంబాట్' అనే యుద్ధవిమానాల ఆటలు చేసే జట్టు. వీకి 'ది స్కై క్రాలర్స్' ఆట చేస్తూ ఒక చేతిలోది కర్రగా, రెండో చేతిలోది వేగం మీటగా పెట్టారు. చేతులు రెండింటికీ విడివిడి పనులు, ఊహలో తికమక లేదు. నా లెక్కలో ఆ తరంలో ఒరుగుడును అర్థం చేసుకున్న ఆట అదొక్కటే.

ఈ లోపు అసలు జనం ఫోన్లకు మారిపోయారు. 2009లోనే ఐఫోన్‌లో 'ఏస్ కంబాట్' ఒకటి వచ్చింది, ఫోన్ ఒరిగించి ఆడడమే. మన వాయుసేన కూడా 2014లో 'గార్డియన్స్ ఆఫ్ ద స్కైస్', 2019లో 'ఎ కట్ అబవ్' అని ఫోన్ ఆటలు విడుదల చేసింది, కుర్రవాళ్లను దుండిగల్ వైమానిక అకాడమీ వైపు లాగడానికి.

నేను ఫోన్లో జెట్ నడిపింది ఎక్కువగా ఆర్టీసీ బస్సులో. ఒకసారి దోర్నాల దాటాక శ్రీశైలం ఘాట్ రోడ్డు. బస్సు ఎడమకు మలుపు తిరిగింది, నా చేతులు కదల్లేదు, తెర మీద జెట్ కుడికి పడిపోయింది. బస్సు కుడికి తిరిగితే జెట్ ఎడమకు. ఫోన్లో చిప్పుకు మలుపు విసురుకూ ఒరుగుడుకూ తేడా తెలియదు. 'ఆఫ్టర్ బర్నర్' కుర్చీ మన చెవిని మోసం చేసినట్టే నల్లమల మలుపు నా ఫోన్‌ను మోసం చేసింది. చెవిలో ఇంకో భాగం ఉంది, తిరుగుడును పట్టే మూడు అర్ధవృత్తపు నాళాలు. చిప్పుల లోకంలో దాని జోడీ గైరోస్కోపు. వీకి 2009లో మోషన్‌ప్లస్ పేరుతో, ఐఫోన్‌కు 2010లో అది వచ్చింది. నా ఫోన్ చవకది, అందులో లేదు. మూడో మలుపుకు నా జెట్ కూలింది, నా పక్కాయన కిటికీలోంచి తల బయట పెట్టి వాంతి చేసుకుంటున్నాడు. ఆయన చెవిదీ అదే గోల.

ఆ తర్వాత ఊపు తగ్గింది. 2016లో నింటెండో 'స్టార్ ఫాక్స్ జీరో'లో గురి పెట్టడానికి చేతిలోది తిప్పి తీరాలన్నారు. 'లెయిర్' తిట్లే మళ్లీ వినిపించాయి. 2019 జనవరిలో 'ఏస్ కంబాట్ 7' కళ్లకు కట్టుకునే వీఆర్ డబ్బాతో ఆడేందుకు కొద్దిపాటి మిషన్లు ఇచ్చింది. తల తిప్పితే కాక్‌పిట్ అంతా కనిపిస్తుంది, రెక్కల చివర మంచు తీగలు కనిపిస్తాయి. చేతిలో మాత్రం పాత మీటల ప్యాడే, ఒరుగుడు ఆటకు పట్టదు. మా అన్న కొడుకు హాల్లో చక్రాలున్న ఆఫీసు కుర్చీలో కూర్చుని ఆడుతున్నాడు. శత్రువు వెనక పడ్డాడు కాబోలు, ఎడమకు విరిచాడు. మెడ వంగింది, భుజం వంగింది, నడుము దాకా వంగింది, కుర్చీకి ఒక పక్క రెండు చక్రాలు నేల విడిచాయి. వదిన వంటింట్లోంచి చూసి, ఏమీ అనకుండా వచ్చి, ఎడమ పక్క నేల మీద రెండు దిళ్లు పడేసి వెళ్లింది.