ఎవరికమ్మా బాకీ?

మా అనంతపురం వైపు వాన మొహం చాటేసినా, బాకీ మాత్రం వేళకొస్తుంది. మామగారి నాటి కరెంటు బిల్లంటూ ఎవరైనా గుమ్మంలో నిలబడితే, "ఎంత?" అని కంగారుపడకండి. "ఎప్పటిది? ఎవరికి?" అని అడగాలంటాను నేను.

ఎవరికన్నదే పెద్ద కథ. 1959లో పుట్టిన విద్యుత్ బోర్డు 1999లో జెన్‌కో, ట్రాన్స్‌కో అని రెండైంది. మరుసటేడు పంపిణీ కంపెనీలొచ్చాయి. మన జిల్లా హైదరాబాదు సెంట్రల్ కంపెనీ కిందికి పోయింది. 2014లో రాష్ట్రం విడిపోయాక తిరుపతి సదరన్ కంపెనీకి మారింది. మీటరు గోడమీదే ఉంది, ఇంటిపేరు మాత్రం మూడుసార్లు మారింది!

బోర్ల సంగతి వేరు. నీళ్లు పడని బోరు కోసం ఒంటిమీది బంగారం కుదువ పెట్టిన ఇల్లాళ్లు ఇక్కడ తక్కువేం కాదు. 2004 మే 14న ముఖ్యమంత్రిగా రాజశేఖరరెడ్డి తొలి సంతకం రైతుల ఉచిత కరెంటుకే. వాళ్ల పాత బకాయిలూ రద్దయ్యాయి. ఇంటి మీటరుకు ఆ భాగ్యం లేదు.

దానికి 2003 విద్యుత్ చట్టం, 56వ సెక్షన్ ఉంది. కట్టవలసిన రోజు నుంచి రెండేళ్లు దాటిన బాకీని, మధ్యలో వదలకుండా బకాయిగా చూపిస్తూ వస్తే తప్ప, వసూలు చేయరాదంటుంది. లెక్కలో పొరపాటు దొరికితే ఆ తర్వాత కూడా అదనపు బిల్లు వేయొచ్చుగానీ, దానికోసం కరెంటు తీయకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. తగువు తేలేదాకా, అడిగిన మొత్తమో గత ఆరు నెలల సరాసరి లెక్కో, ఏది తక్కువైతే అది "అభ్యంతరంతో కడుతున్నా" నని రాసి కడితే చాలు, తీగ తెంపరాదు. తెంపాలన్నా 15 రోజుల ముందు కాగితం మీద చెప్పాలి, నోటిమాటతో కాదు.