చాటలో బీడీ, కడుపులో గడ్డ

మా బుగ్గారం వెళ్ళినప్పుడల్లా అరుగు మీద చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ళ పక్కన కూర్చోవడం నాకలవాటు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఎన్నో సంసారాలు ఆ చాట మీదే ఈదుకొచ్చాయి. మొన్న పక్కింటి వదినె అంది: "మీ అన్నకు కడుపుల ఏందో దడదడ కొట్టుకుంటున్నదట. పైత్యమే కావచ్చు."

నాకు వెంటనే ఐన్‌స్టీన్ గుర్తొచ్చాడు. నవ్వకండి!

గుండె నుంచి కడుపులోకి దిగే పెద్ద రక్తనాళం గోడ బలహీనపడితే, సైకిల్ ట్యూబులా ఒకచోట ఉబ్బుతుంది. డాక్టర్లు ఎన్యూరిజమ్ అంటారు. పగిలిందా, ప్రాణం దక్కడం కష్టం. 1948లో న్యూయార్క్‌లో సర్జన్ రుడాల్ఫ్ నిస్సెన్‌కు ఐన్‌స్టీన్ కడుపులో ఈ ఉబ్బే కనిపించింది. దాన్ని తీసి వేరేది అతికే విద్య అప్పటికి లేదు. చుట్టూ సెల్లోఫేన్ కాగితం చుట్టి కుట్టేశాడు! ఆ పొట్లంతోనే ఆయన ఆరేళ్ళు దాటి బతికాడు. ఈలోగా, 1951లో, పారిస్‌లో షార్ల్ దుబో ఉబ్బిన ముక్క కోసేసి, చనిపోయిన మనిషి ధమనిని అతికాడు. 1955లో ఉబ్బు చిట్లినప్పుడు ఐన్‌స్టీన్ మాత్రం ఆపరేషన్ వద్దన్నాడు. ఏప్రిల్ 18న కన్నుమూశాడు.

అసలు మాయ గడ్డది. ఉబ్బులో రక్తం సుళ్ళు తిరిగి, గిన్నె అంచుకు మీగడ కట్టినట్టు గోడకు పొరలు పొరలుగా గడ్డకడుతుంది. 1929లో లిస్బన్‌లో దొస్ శాంతొస్ నాళంలోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీశాడు. కానీ ఆ మందు రక్తం పారే దారినే చూపుతుంది, గడ్డను చూపదు. దొంగ ఇంట్లో ఉంటే వీధి ఖాళీగా ఉందని సంబరపడ్డట్టు! తర్వాత వచ్చిన అల్ట్రాసౌండ్, సీటీ స్కాన్లే గడ్డతో సహా ఉబ్బును కొలిచాయి.

గోడకు గడ్డ కాపలా అనుకోకూడదు. దాని ముక్క విడిపోతే కాళ్ళలోకి పోయి వేళ్ళు నల్లబడతాయి. చిన్న ఉబ్బయితే బీపీ అదుపులో ఉంచుతూ స్కానింగులతో కనిపెట్టుకుని ఉంటారు. మగవారికి 5.5, ఆడవారికి 5 సెంటీమీటర్లకు చేరితే ఆపరేషన్ ఆలోచిస్తారు. 1990లో బ్యూనస్ ఐరిస్‌లో హువాన్ పరోడి తొడ దగ్గరి నాళం గుండా గొట్టం పంపి చూపాక, అందరికీ పొట్ట కోయనక్కర్లేకుండా పోయింది.

ఈ జబ్బును పెంచి పోషించేది ముఖ్యంగా పొగాకు. ఐన్‌స్టీన్ పైపు వదల్లేదు, మా అన్న బీడీ వదల్లేదు.

వదినె చేతులు ఆగిపోయాయి. "చుట్టిన చెయ్యి నాదేనాయె" అంది.

"చేతిదేం తప్పు వదినె? అది పిల్లల్ని సాకింది. రేపే అన్నను జగిత్యాల తోల్కపోయి స్కానింగు తీయించు. ఈలోగా కడుపో నడుమో ఉన్నట్టుండి నొస్తే గడియ కూడా ఆగకు" అన్నాను.

ఆమె చాట పక్కన పెట్టి లేచింది.