ఏమీ అడగని ఉత్తరం

మంచు. బురద. వరసగా సైనిక ట్రక్కులు. రెండో ప్రపంచ యుద్ధం యూరప్‌ను నమిలేస్తున్న రోజులవి. ఒక ట్రక్కు స్టీరింగు పట్టుకున్న అమెరికన్ కుర్రాడి పేరు జెరోమ్ మాటో. ఇరవై దాటి రెండు మూడేళ్లయిందంతే. టపా వచ్చిందంటే చాలు, ఏ దళంలోనైనా గుండెలు దడదడలాడతాయి. ఎవరి పేరు పిలుస్తారో?

మాటోకి ఉత్తరం ఉంది. యుద్ధానికి బయల్దేరే ముందు పరిచయమైన ఓ అమ్మాయి రాసింది. జవాబేదని నిష్ఠూరం లేదు. ఫలానాది కావాలని అడగలేదు. గుర్తుంచుకుంది, రాసింది. మళ్లీ రాసింది. మళ్లీ. ప్రాణం ఎప్పుడు పోతుందో తెలియని చోట ఆ కాగితం ముక్క ఎంత బరువు తూగుతుందో అతను మర్చిపోలేదు. దాన్ని ఇంకెవరికోసం వాడాలో మాత్రం పాతికేళ్లకు గానీ తట్టలేదు.

1969. శాన్‌ఫ్రాన్సిస్కో. ఇప్పుడు మాటో సైకియాట్రిస్టు. అతని కళ్లముందు రోజూ ఒకటే దృశ్యం. వార్డు తలుపు తెరుచుకుంటుంది, మందుల సంచీ చేతికొస్తుంది, డిశ్చార్జి కాగితం మీద సంతకం పడుతుంది, నిన్నటిదాకా వేళకి అన్నం పెట్టినవాళ్లు, రాత్రి నిద్రపట్టిందా అని అడిగినవాళ్లు, తలుపు దగ్గర కాపలా ఉన్నవాళ్లు అందరూ ఒక్క అడుగుతో వెనకబడిపోతారు, ఆ మనిషి ఒక్కడే వీధిలోకి నడుస్తాడు. తలుపు మూసుకుంటుంది.

ఆ తర్వాతే అసలు గండం.

ప్రపంచవ్యాప్త అధ్యయనాలను కలిపి 2017లో లెక్కగట్టారు. మానసిక వైద్యశాల నుంచి ఇంటికొచ్చిన తొలి మూడు నెలల్లో ఆత్మహత్యల రేటు, ఏడాది లెక్కన చూస్తే, లక్షమందికి 1,132. నయమైందని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునే రోజులే అవి.

మళ్లీ శాన్‌ఫ్రాన్సిస్కోకి వద్దాం. రోగులు డిశ్చార్జి అయి నెల తిరిగింది. వైద్యం సాగుతోందా అని మాటో బృందం ఆరా తీసింది. వద్దన్నవాళ్లు, మధ్యలో మానేసినవాళ్లు 843 మంది. రానివాణ్ని ఏ డాక్టరు మాత్రం ఏం చేస్తాడు? ఫైలు మూసేస్తాడు. మాటో మూయలేదు. చీట్లు వేసినట్టు వాళ్లను రెండుగా విడదీశాడు. 454 మందిని వాళ్ల మానాన వదిలేశారు. మిగిలిన 389 మంది కోసం టైపు మిషన్లు టకటకలాడాయి.

ఏం రాశారు? మీరు వెళ్లి కొంతకాలమైంది, బాగున్నారనుకుంటున్నాం, రాయాలనిపిస్తే రాయండి, సంతోషిస్తాం. అంతే! మందులు వేసుకుంటున్నారా అన్న నిలదీత లేదు. ఫలానా తేదీకి రండి అన్న హుకుం లేదు. ఒక్కో ఉత్తరం విడిగా టైపు చేశారు. ఆస్పత్రిలో పక్కన కూర్చుని మాట్లాడిన మనిషే కింద సంతకం పెట్టాడు. జవాబు కోసం చిరునామా రాసిన కవరు జతచేశారు. నాలుగు నెలలు నెలకొకటి, తర్వాత ఎనిమిది నెలలు రెండు నెలలకొకటి, ఆపైన నాలుగేళ్లు మూడు నెలలకొకటి. మొత్తం 24 ఉత్తరాలు.

జవాబులు రావడం మొదలైంది. ఒకాయన బూతుతో మొదలెట్టాడు. ఇంత మొండివాళ్లను ఎక్కడా చూడలేదన్నాడు. ఇంతలా వెంటపడుతున్నారంటే నేనంటే మీకు నిజంగానే పట్టింపు ఉన్నట్టుంది అని ముగించాడు.

రెండేళ్లయ్యాక లెక్క తీశారు. ఉత్తరాలు అందనివాళ్లలో ప్రాణం తీసుకున్నవాళ్లు దాదాపు మూడున్నర శాతం. అందినవాళ్లలో 1.8.

సగం!

ఐదేళ్ల ఫలితాలు 2001లో అచ్చయ్యాయి. మరి ఈ కిటుకు మన దగ్గర పనిచేస్తుందా? చెన్నైతో సహా ఐదు దేశాల్లోని ఐదు నగరాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్షించింది. ఆత్మహత్యాయత్నం చేసి ఆస్పత్రికొచ్చిన 1,867 మంది. కొందరికి మామూలు వైద్యం. మరికొందరితో ఒకసారి నింపాదిగా మాట్లాడి, ఏడాదిన్నరలో తొమ్మిదిసార్లు ఫోనులోనో ఇంటికెళ్లో పలకరించారు. 2008లో ఫలితం బయటికొచ్చింది. మామూలు వైద్యం పొందినవాళ్లలో 18 ఆత్మహత్యలు. పలకరింపు అందినవాళ్లలో రెండు. 2020 నుంచి అమెరికాలో, హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసిన మాజీ సైనికులకు ఇలాంటి ఉత్తరాలే వెళుతున్నాయి. కొన్నిటి కింద తోటి మాజీ సైనికుడి సంతకం ఉంటుంది.

ఇక మన అరకు కొండల సంగతి.

విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల. అక్కణ్నుంచి బయటపడ్డ అరకు మాజీ జవాను ఒకడు పొద్దున్నే కిరండూల్ పాసింజర్ ఎక్కాడనుకోండి. ఎస్.కోట దాటితే కొండ ఎక్కుడు. వరసగా సొరంగాలు. చీకటి, వెలుతురు, మళ్లీ చీకటి. స్టేషన్లో దిగాక జీపు, జీపు దిగాక నడక. ఎన్నో గూడేల్లో ఫోను సిగ్నలుండదు. ‘పిచ్చాసుపత్రి నుంచి వచ్చాడంట’ అన్న గుసగుస మాత్రం అతనికంటే ముందే ఊరు చేరుతుంది. డిశ్చార్జి ముందే రోగితో, ఇంటివాళ్లతో కూర్చుని తర్వాతి వైద్యానికి ప్రణాళిక వేయాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 98వ సెక్షన్లో చెప్పింది. ఆ ప్రణాళికలో ఆఖరి సొరంగం అవతలికి ఒక పలకరింపు కూడా ఉండాలి.

56 ఏపీఓ. ఈ సైనిక తపాలా చిరునామా తెలియని సైనికుడి ఇల్లు అరుదు. సరిహద్దుల్లో మంచులో ఉన్నప్పుడు ఇంటి కబురు అతనికి ఆ అంకెతోనే అందేది. ఇప్పుడు అతను ఇంటికొచ్చాడు. మీతో బ్యారక్‌లో పడుకున్నవాడైతే, మీ వార్డులో ఉండి వెళ్లినవాడైతే, ఈ వారమే రాయండి. పోస్టుకార్డు వద్దు, కవరులో పెట్టండి. ఊరంతా చదవకూడదు కదా. చదవడం రాని ఇంటికైతే శుక్రవారం అరకు సంతలో వెతికి పట్టుకుని పలకరించండి. జవాబు రాకపోయినా వచ్చే నెల మళ్లీ.

ఈ పేజీ చదువుతున్న మీకే ఆ చీకటి కమ్ముకొస్తుంటే 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్. డబ్బు కట్టక్కర్లేదు. అర్ధరాత్రయినా తెలుగులో పలుకుతారు.