పాత కంప్యూటరునకు క్రొత్త వల

ఇంట రేడియో సెట్టు పెట్టుకొనువారు దానికొక అంకెగాని, చిరునామాగాని వ్రాసియుంచవలసిన పని లేదు. ఏరియల్ కట్టి, ముల్లు త్రిప్పి, కేంద్రము దొరకినచోట నిలిపినచో పాట వినవచ్చును. వినుచున్న దెవ్వరో ప్రసార కేంద్రమునకు తెలియదు. తెలియ నవసరమును లేదు. ఇంటర్నెట్టు మాట అట్టిది కాదు. అందు చేరదలచిన ప్రతి యంత్రమునకును ఒక చిరునామా ఉండవలెను. వచ్చిన ప్రతి మూటకును అందినదని బదులు చెప్పవలెను. బదులు రానిచో, పంపినదానినే మరల పంపవలెను. వినుటయే గాక మాటాడుటయు నేర్చిన యంత్రమునకే అచ్చట చోటు. ఇంత పని ఒక చిన్న గృహ కంప్యూటరు చేయగలదా యను ప్రశ్న ఇంచుమించు ఇరువది సంవత్సరముల పాటు పలుమారులు తలయెత్తినది. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పిన వారి కథయే నేటి మా ప్రసంగ విషయము.

మేము ముఖ్యముగ చెప్పదలచినది కామడోర్ 64 అను యంత్రమును గూర్చి. ఇది 1982 జనవరిలో అమెరికాలోని లాస్ వేగాస్ ప్రదర్శనలో మొదట కనబడి, ఆ సంవత్సరమే 595 డాలర్ల వెలకు అంగళ్లలోనికి వచ్చినది. మీటల పలకయు, యంత్రమును ఒకే పెట్టెలో నుండును. తెరగా ఇంటి టెలివిజను చాలును. దాని జ్ఞాపకశక్తి 64 కిలోబైట్లు, అనగా 65,536 గదులు, గదికొక్క అక్షరము. మీట వేయగానే నీలిరంగు తెరమీద, బేసిక్ భాషలో వ్రాయువారికి 38,911 గదులు ఖాళీగ నున్నవని తానే చెప్పును. లోపలి ప్రాసెసరు సెకనుకు సుమారు 10 లక్షల స్పందనలతో నడచును. నేటి చేతి ఫోనులో ఆ లెక్క వేయి రెట్లకు మించినదనిన, ఎంత చిన్న యంత్రమో శ్రోతలు ఊహింపవచ్చును.

విచిత్రమేమనగా, ఇంటర్నెట్టు నియమములును ఆ కాలమునందే స్థిరపడినవి. ఐ.పి., టి.సి.పి. అను రెండు నియమావళులు 1981 సెప్టెంబరులో ప్రకటితమైనవి. 1983 జనవరి 1వ తేదీన అమెరికా రక్షణశాఖవారి ఆర్పానెట్టు పాత పద్ధతిని విడిచి వీనికి మారినది. ఇంచుమించు ఒకే ఏట పుట్టిన ఈ బిడ్డలిద్దరును చాలకాలము ఒకరి ముఖ మొకరు చూడకయే పెరిగిరి. ఇంటర్నెట్టు విశ్వవిద్యాలయముల పెద్ద యంత్రముల సొత్తు. కామడోరు ఇండ్లలోని పిల్లల ఆటవస్తువు. దానికి టెలిఫోను మోడెములు లేకపోలేదు. 1985లో క్వాంటమ్ లింక్ అను సేవ కామడోరు యజమానుల కొరకే వెలసినది. కాని యది యొక కంపెనీవారి సొంత ఆవరణ. గోడ దాటి వెలుపలికి పోవుటకు వీలు లేదు. ఆ కంపెనీయే 1991లో అమెరికా ఆన్‌లైన్ అను పేరు దాల్చినది. అప్పటి మోడెముల వేగము సెకనుకు 300 బిట్లు. 1,500 బైట్ల ఇంటర్నెట్టు మూట ఒక్కటి ఆ తీగవెంట రావలెనన్న 50 సెకన్లు పట్టును. మూట యంతయు వచ్చులోపల కాఫీ చల్లారును.

చిన్న యంత్రముల పక్షమున మొదట నిలిచినవారు మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలోని పరిశోధకులు. జెరోమ్ సాల్ట్‌జర్, డేవిడ్ క్లార్క్, జాన్ రోమ్కీ మున్నగువారు ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరునకు ఈ నియమములన్నియు అమర్చి, 1985లో తమ అనుభవమును ప్రకటించిరి. పదుగురు పంచుకొను పెద్ద యంత్రమునకు వలసినదంతయు ఒక్కరు కూర్చుండు బల్లమీది యంత్రమునకు అక్కరలేదు, అక్కరలేనిది విడిచిన మిగిలినది పట్టును. వారి యుపాయము స్థూలముగ నింతే.

ఆ 1985లోనే మరియొకచోట మరియొక ప్రయత్నము మొదలైనది. రేడియో శ్రోతలకు ఇది ప్రత్యేకముగ రుచించునని మా నమ్మకము. ఫిల్ కార్న్ అను అమెరికను ఇంజనీరు అమెచ్యూర్ రేడియో అభ్యాసి. ఆయన కాల్‌సైన్ కె.ఏ.9.క్యు. ఆయన సి.పి.ఎం. పద్ధతిపై నడచు ఒక చిన్న యంత్రము కొరకు టి.సి.పి. వ్రాసి, తన కాల్‌సైన్ పేరునే దానికి పెట్టెను. ఉద్దేశము తీగలతో పని లేకుండ, అమెచ్యూర్ల రేడియో తరంగముల మీదనే మూటలు పంపుట. అమెచ్యూర్ల కొరకు 44 అను అంకెతో మొదలగు చిరునామా లన్నియు, అనగా 1 కోటి 67 లక్షలకు పైగా చిరునామాలు, 1981లోనే ప్రత్యేకింపబడి యుండెను. (వానిలో నాల్గవ వంతును 2019లో అమెజాన్ కంపెనీకి అమ్మివేసిరి. ఖాళీ పొలము నగరము నడుమకు వచ్చినట్లైనది.)

రేడియోలో ఒక చిక్కు కలదు. ఒకే తరంగమును పలువురు పంచుకొందురు; మూటలు ఢీకొని నశించును; బదులు వచ్చుటకు ఒక్కొక్కప్పుడు ఎన్నో సెకన్లు పట్టును. బదులు ఎంతసేపటికి వచ్చునో యంత్రము కొలిచి, అంతసేపు వేచి, రానిచో మరల పంపవలెను. మరల పంపిన తరువాత బదులు వచ్చినదనుకొనుడు. అది మొదటి మూటకు వచ్చినదా, రెండవదానికి వచ్చినదా? తెలిసికొను దారి లేదు. తప్పుగ లెక్కించినచో వేచియుండు కాలమే తప్పును. ఆపై తరంగమంతయు అనవసరపు మూటలతో నిండిపోవును. కార్న్ దీనికి చెప్పిన పరిష్కారము మిక్కిలి సరళము: మరల పంపిన మూట విషయమున కాలము కొలువనే కూడదు. దీనిని ఆయనయు, క్రెయిగ్ పార్‌ట్రిడ్జ్ అను శాస్త్రజ్ఞుడును 1987లో ప్రకటించిరి. 1989 నాటి ఇంటర్నెట్టు ప్రమాణ పత్రము ప్రతి యంత్రమును ఈ సూత్రమును తప్పక పాటింపవలెనని శాసించినది. చిన్న యంత్రముల మీద, వేడుకకై, సొంత ఖర్చుతో సాగిన పనినుండి పుట్టిన నియమము పెద్ద యంత్రములకును శాసనమైనది. ఈ యొక్క సంగతి కొరకే మేము ఈ విషయమును ఎన్నుకొంటిమని చెప్పినను తప్పు లేదు. ఆయన ప్రోగ్రామునే 1992లో ఇంగ్లండులో డీమన్ ఇంటర్నెట్ అను సంస్థ తన తొలి ఖాతాదారులకు ఇచ్చినది. నెలకు 10 పౌన్లు చెల్లించి సామాన్యులు ఇంటర్నెట్టులో చేరిరి. మన దేశమున ప్రజలకు ఆ సౌకర్యము 1995 ఆగస్టు 15న గాని రాలేదు.

ఇక కామడోరు మాట. సీరియల్ తీగ మీద దానిచేత టి.సి.పి. పలికించినవారు ముందును లేకపోలేదు. లూనిక్స్ అను చిన్న పద్ధతి అట్టిదే. కాని ఆ పనిని సర్వజన సులభము చేసిన కీర్తి స్వీడన్ దేశీయుడగు ఆడమ్ డంకెల్స్‌ది. ఆయన అప్పట స్వీడిష్ కంప్యూటర్ సైన్స్ సంస్థలో పరిశోధకుడుగ నుండెను. 2001లో ఆయన వ్రాసిన యు.ఐ.పి. అను ప్రోగ్రాము కొద్ది కిలోబైట్లలో, కొన్ని వందల బైట్ల జ్ఞాపకముతో పని చేయును. దీని పొదుపునకు కిటుకు ఏమి? సాధారణముగ యంత్రము తాను పంపిన ప్రతి ఉత్తరమునకును నకలు దాచుకొనును. దారిలో పోయినచో ఆ నకలు పంపును. యు.ఐ.పి. నకలు దాచదు. ఉత్తరము పోయినదని తెలిసినప్పుడు, వ్రాయించిన ప్రోగ్రామునే పిలిచి, "అదే యుత్తరము మరల చెప్పుము" అనును. దాచుటకు చోటు లేనివాడు జ్ఞాపకముంచుకొని మరల చెప్పినట్లు. దీనికి మూల్యమును లేకపోలేదు: ఒక యుత్తరమునకు బదులు వచ్చువరకు రెండవది పంపరాదు, కనుక వేగము తగ్గును. కార్న్ సూత్రమును డంకెల్స్ విడువలేదు. మరల పంపిన మూటకు కాలము కొలువరాదను నియమము ఆ కొద్ది కిలోబైట్లలోనే యున్నది.

2003 మార్చిలో ఆయన దీనిపై కాంటికి అను సంపూర్ణ పద్ధతిని వెలువరించెను. 1947లో థోర్ హెయెర్డాల్ పెరూ దేశమునుండి పసిఫిక్ మహాసముద్రమును దాటిన దుంగల తెప్ప పేరది. అందు కిటికీల తెర, వెబ్ పుటలు చదువు ప్రోగ్రాము, పుటలు ఇతరులకు వడ్డించు ప్రోగ్రాము కూడ కలవు. ఆపిల్ 2, అటారి మున్నగు ఇతర పాత యంత్రములకును అది విస్తరించినది.

దీనిని అమర్చుట యెట్లు? యంత్రమును ఆపివేసి, వెనుకనున్న విస్తరణ ద్వారమున ఈథర్‌నెట్ కార్డు గ్రుచ్చవలెను. విద్యుత్తు ఉండగ గ్రుచ్చినచో యంత్రమే చెడవచ్చును. తరువాత ప్రోగ్రాము కావలెను. అది యున్నది ఇంటర్నెట్టులో. ఇంటర్నెట్టు రావలెనన్న ప్రోగ్రాము కావలెను. పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదన్న సామెత యిచ్చట అక్షరాల సరిపోవును. క్రొత్త కంప్యూటరుతో దించుకొని, పాత ఫ్లాపీ పళ్లెము మీదికి ఎక్కించుటయే మార్గము. ఆ పళ్లెమున ఒక ప్రక్కకు పట్టునది 170 కిలోబైట్లు.

పిమ్మట నాలుగు అంకెలు వ్రాయవలెను: యంత్రపు చిరునామా, పేట హద్దు తెలుపు మాస్క్, గేట్‌వే, పేర్లను అంకెలుగ మార్చు సర్వరు చిరునామా. వీనిని కార్డు డ్రైవరు పేరుతో కూడ ఒక చిన్న ఫైలులో భద్రపరతురు. మాస్క్ 255.255.255.0 అయినచో మొదటి మూడంకెలు వీధి, చివరిది ఇంటి నంబరు. వీధిలోనివారికి ఉత్తరము చేతికే యిత్తుము. వెలుపలివారికైన తపాలా కచేరీకి, అనగా గేట్‌వేకు, అప్పగింతుము.

మేము మొదట అమర్చినప్పుడు ఇంటిలోని ఇతర కంప్యూటరు పలుకరింపగ కామడోరు చక్కగ బదులిచ్చెను. వెలుపలి లోకము మాత్రము మౌనము. కార్డు చెడినదని అనుమానించి రెండు సాయంకాలములు పోగొట్టుకొంటిమి. గేట్‌వే చివరి అంకె 254 అని వ్రాయుటకు మారు 245 అని వ్రాసియుంటిమి. వీధిలో మాట సాగినది, తపాలా కచేరీ చిరునామా తప్పినది. ఇంటిలోని చిన్నవాడు మా భుజము మీదుగ చూచి చెప్పువరకు మాకు తోచలేదు.

అంకెలు సరిపడిన తరువాతను మరియొక వింత కనబడినది. కామడోరు అక్షర సంకేతములు లోకములోని సంకేతములకు వేరు. మార్పు చేయు ప్రోగ్రాము లేనిచో ఇంగ్లీషు పెద్ద యక్షరములు చిన్నవిగను, చిన్నవి పెద్దవిగను తారుమారగును. తెరపై వరుసకు 40 అక్షరములే. నేటి వెబ్ పుటలలో అత్యధికము రహస్య సంకేతములతో వచ్చుచున్నవి. ఆ లెక్కలు చేయుటకు ఈ ప్రాసెసరు శక్తి చాలదు. కావున నడుమ నొక క్రొత్త కంప్యూటరు నిలిచి, విప్పి యిచ్చుట తప్పదు.

ఈ శ్రమ యెందుకని, నేడు పలువురు వేరు దారి పట్టినారు. 2014లో వెలువడిన ఇ.ఎస్.పి. 8266 అను చౌక చిప్పును మోడెముగ తగిలింతురు. కామడోరు పూర్వమువలె టెలిఫోను నంబరు త్రిప్పుచున్నాననియే తలచును. ఇంటర్నెట్టు పని యంతయు ఆ చిప్పు చేయును. చిప్పు వేగము కామడోరునకు 80 రెట్లు. ఇది ఏనుగును గుఱ్ఱపుబండిపై ఊరేగించుటవలె నున్నదని మాకు తోచును; చేరినది చిప్పే గాని కామడోరు కాదు. మా మిత్రులలో కొందరు ఇందుకు సమ్మతింపరు. అయినను ఆ చిప్పులో ఇంటర్నెట్టు నియమములను నడుపు ఎల్.డబ్ల్యు.ఐ.పి. అను ప్రోగ్రామును మొదట వ్రాసినవాడును ఆ ఆడమ్ డంకెల్సే.