పీటర్లూ: ఎత్తిపొడుపుగా పుట్టిన పేరు

1819 ఆగస్టు 16న మాంచెస్టర్‌లోని సెయింట్ పీటర్స్ ఫీల్డ్‌లో దాదాపు 60 వేల మంది గుమిగూడారు. అంత పెద్ద నూలు మిల్లుల పట్టణానికి అప్పటికి పార్లమెంటులో సొంత సభ్యుడు లేడు. ఓటు హక్కు, పార్లమెంటు సంస్కరణ వాళ్ల కోరికలు. వక్త హెన్రీ హంట్‌ను అరెస్టు చేయమని మేజిస్ట్రేట్లు ఆదేశించారు. ఆశ్విక దళాలు కత్తులు దూసి నిరాయుధులైన జనం మీద పడ్డాయి. పదిహేను మందికి పైగా చనిపోయారు, వందల మంది గాయపడ్డారు. మైదానం పేరులోని ‘పీటర్’కు, 1815లో నెపోలియన్‌ను ఓడించిన వాటర్లూ యుద్ధం పేరు తోకను తగిలించి ‘మాంచెస్టర్ అబ్జర్వర్’ పత్రిక కొద్ది రోజుల్లోనే ‘పీటర్లూ’ అన్న మాటను అచ్చువేసింది.

వాటర్లూలో వేలమంది కూలారు కదా, ఈ పోలిక అతిశయోక్తి కాదా అని అడగవచ్చు. కానీ ఈ మాట శవాలను లెక్కపెట్టడం లేదు, కత్తి ఎవరి మీదికి తిరిగిందో చెబుతోంది. వాటర్లూలో పోరాడిన 15వ హుస్సార్ ఆశ్విక దళమే ఇక్కడా దిగింది. ఆ యుద్ధం నుంచి ప్రాణాలతో తిరిగొచ్చిన జాన్ లీస్ ఇక్కడి గాయాలతో చనిపోయాడు. మేజిస్ట్రేట్లు భయపడి తొందరపడ్డారన్నది మరో సమర్థన. అదే నిజమైతే ప్రభుత్వం విచారణ జరిపించేది. జరిగింది వేరు: హోంమంత్రి సిడ్మత్ వాళ్లకు అభినందనలు పంపాడు. ఏడాది చివర సభలను, పత్రికలను అణచే ‘ఆరు చట్టాలు’ వచ్చాయి. హంట్‌తో పాటు ‘మాంచెస్టర్ అబ్జర్వర్’ నడిపిన జేమ్స్ రో కూడా జైలుకెళ్లాడు. కాబట్టి ఈ పేరు అతిశయోక్తి కాదు, సరైన అభియోగపత్రం.